తీగకు గుచ్చిన మడమలు

ఆమె అసలు పేరు ఆ వీధిలో సగం మందికి తెలియదు. తెలిసిన సగం మందికి దానితో పనిలేదు. బూట్లకు సోళ్ళు వేస్తుంది కాబట్టి సోలక్క. ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా "సోలక్కా" అంటూనే కొట్టు మెట్లెక్కుతారు. మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది. ఒకరోజు బ్యాంకు గుమాస్తా కూడా అద్దాల్లోంచి తలెత్తి చూసి "ఓ, సోలక్కగారా, రండి రండి" అన్నాక ఇక లాభం లేదని ఊరుకుంది. ఒళ్ళు మండినా ఊరుకున్న సందర్భం ఆమె జీవితంలో బహుశా అదొక్కటే.

కొట్టు ఎంతుంటుంది? ఇద్దరు లోపల నిలబడితే మూడోవాడు వీధిలో ఉండాల్సిందే. గోడకు మూడు అరలు, వాటి మీద మెడలో చీటీలు వేలాడేసుకుని వరసగా నిలబడ్డ బూట్లు. కిటికీ కింద అరగదీసే యంత్రం, పక్కన కుట్టుమిషను. గుమ్మానికి ఎదురుగా ఓ చెక్కమొద్దు, దాని మీద మూడు కాళ్ళ ఇనప దిమ్మె. బూటును ఆ దిమ్మె కాలికి బోర్లా తొడిగి సుత్తితో కొడతారన్నమాట. కొత్తగా వచ్చినవాళ్ళకు జిగురు వాసనకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. సోలక్కకు మాత్రం ఇరవై ఆరేళ్ళుగా ఆ వాసన ఉన్నట్టే తెలియదు.

బూటు చేతికి రాగానే ఆమె ముందు దాన్ని తిరగేస్తుంది. మనిషి ముఖం తర్వాత చూస్తుంది, అదీ తీరికుంటే. అరిగిన మడమ చూస్తే చాలు, తెచ్చినవాళ్ళ గుట్టంతా ఆమెకు బయటపడిపోతుంది. "మీరు సంచీ ఎప్పుడూ ఎడమ భుజానికే వేసుకుంటారు కదూ?" అంటుంది. "ఆ నడుంనొప్పి ఎన్నాళ్ళనుంచి?" అంటుంది. వచ్చినవాళ్ళు నోరు వెళ్ళబెడతారు. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. మనిషి అబద్ధం చెప్పొచ్చు గానీ మడమ చెప్పలేదు, అంతే.

ఈ విద్య తండ్రి దగ్గర నేర్చుకున్నది. ఆయన్ని అందరూ పెద్దమేస్త్రి అంటారు. డెబ్భై తొమ్మిదేళ్ళు. చూపు పూర్తిగా పోయి ఆరేళ్ళయింది. అయినా ఇంట్లో కూర్చుంటే ఏం తోస్తుందని రోజూ కూతురి భుజం పట్టుకుని వచ్చి దిమ్మె పక్కన పీట మీద కూర్చుంటాడు. దారానికి మైనం రాస్తాడు, మేకులు ఏరిపెడతాడు, బొటనవేలితో సోళ్ళు తడిమి కూతురు చూడనివి కూడా చెబుతాడు.

ఇవి కాక ఆయనకో ఆట ఉంది. వీధిలో ఎవరు నడిచినా, ఆ అడుగుల తీరు పట్టుకుని సుత్తితో దిమ్మె మీద వాయిస్తాడు. పోస్టుమాన్ వస్తుంటే చకచకా నాలుగు దెబ్బలు, ఓ ఆగడం, మళ్ళీ నాలుగు. రొట్టెల దుకాణం లావుపాటి ఆయన వస్తుంటే ఒక్కో దెబ్బకీ మధ్య ఓ కునుకు తీయొచ్చు. చెవులతో చూసి బొమ్మ గీసినట్టుండేది. అది విని నవ్వనివాళ్ళు లేరు, తమ నడక వాయించినప్పుడు తప్ప.

సోలక్క పరుగు మొదలుపెట్టింది ఆరోగ్యం కోసం కాదు, పంతం కోసం. ఎనిమిదేళ్ళ కిందటి మాట. లెక్కలు చెప్పే మాస్టారొకాయన, నిచ్చెనంత మనిషి, పొడుగు మాస్టారు అంటారు, తన పరుగుబూట్లు తిరిగి తెచ్చి మొద్దు మీద పెట్టాడు. మీరు వేసిన కుట్టు ఐదో కిలోమీటరులో కరుస్తోందండీ అన్నాడు. నా కుట్టు కరవదు, మీ కాలే తేడా అంది ఈమె. పరుగెత్తి చూస్తే తెలుస్తుంది అన్నాడాయన, నవ్వుతూనే. ఆ నవ్వు ఆమెను రాత్రంతా గుచ్చింది. తన బూట్లకు అదే కుట్టు వేసుకుని మర్నాడు తెల్లవారకముందే రోడ్డెక్కింది. కొంచెం పరుగు, ఎక్కువ నడక, మధ్యలో దీపస్తంభాలను పట్టుకుని రొప్పడం. సరిగ్గా ఐదో కిలోమీటరులో చిటికెన వేలి దగ్గర కుట్టు చురుక్కుమంది. ఆ సాయంత్రం మాస్టారిని పిలిపించి, తప్పు నాదేనండీ అని, కుట్టు విప్పి మళ్ళీ వేసిచ్చింది. తప్పు ఒప్పుకోడానికి ఆమెకు ఐదు కిలోమీటర్లు పట్టింది. ఆమె సంగతి తెలిసినవాళ్ళు అది చాలా తక్కువ దూరమే అన్నారు.

కుట్టు సరిపోయింది గానీ కాళ్ళు మాత్రం ఇంట్లో నిలవలేదు. అప్పటినుంచి ప్రతి ఆదివారం మాస్టారూ ఆమే కలిసి పరుగు. వాళ్ళ వేగానికి గడియారం అక్కర్లేదు. పరుగెత్తుతూ హాయిగా పోట్లాడుకోగలిగితే అదే సరైన వేగం. మాట తడబడి ఎదుటివాళ్ళు చెప్పిందానికి "ఊఁ" కొడుతున్నామంటే జోరెక్కువైందని అర్థం. ధరల మీద, వానల మీద, పిల్లలకు లెక్కలు ఎందుకు రావన్నదాని మీద వాళ్ళు ఎనిమిదేళ్ళుగా పోట్లాడుకుంటూనే ఉన్నారు, ఒక్కటీ తేలలేదు.

ఇక ఒంటిని చూసుకోవడంలో ఆమెకు ఆమే సాటి. శుక్రవారం గోళ్ళు తిన్నగా, అంచులు గుండ్రం చేయకుండా కత్తిరించాల్సిందే. మేజోళ్ళు తిరగేసి తొడుక్కుంటుంది. లోపలి కుట్టు చర్మానికి తగలకూడదు, కుట్టు సంగతి కుట్టేవాళ్ళకే తెలుస్తుంది. వేళ్ళ సందుల్లో కొబ్బరినూనె రాస్తుంది. రెండు జతలు ఉంచుకుని పరుగుకొకటి, కొట్టుకొకటి వేస్తుంది, మనిషికే కాదు రబ్బరుకూ విశ్రాంతి కావాలంటుంది. దూరం పెంచితే కొంచెం కొంచెంగా, మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించి. దాహం వేయకముందే నీళ్ళు, గంట దాటితే చిటికెడు ఉప్పూ చెంచాడు చక్కెరా కలిపినవి. ఇంటికొచ్చాక గోడకు కాళ్ళు ఎత్తిపెట్టి పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఫోను మోగినా, పాలు పొంగినా ఆమె లేవదు. పాలు పొంగిన రోజులు ఉన్నాయి కూడా.

భర్త సిటీబస్సు డ్రైవరు. రోజంతా కూర్చుని చేసే పని, ఇంటికొచ్చాక కూర్చుని మాట్లాడే మనిషి. పెళ్ళాం బూట్లు తొడుక్కుంటున్నప్పుడల్లా "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలే" అనేవాడు. ఎనిమిదేళ్ళుగా అదే సామెత, అదే నవ్వు. "నేను పరుగెత్తీ నీళ్ళే తాగుతున్నానండీ, పాలెక్కడ?" అని ఆమె గడప దాటేది. అలా అంటాడే గానీ, ఉప్పూ చక్కెరా కలిపిన సీసా పొద్దున్నే బల్ల మీద పెట్టేది ఆయనే.

ఈ ఎనిమిదేళ్ళలో ఇరవై ఒక్క కిలోమీటర్ల పందెం ఆరుసార్లు పరుగెత్తింది. నలభై రెండు జోలికి మాత్రం పోలేదు, అవసరం కనిపించలేదు. ఆ ఏడు అవసరం వచ్చి గుమ్మం ముందు నిలబడింది. వంతెన బాగుచేస్తున్నారని పందెం పెట్టేవాళ్ళు దారి మార్చారు. ఎప్పుడూ ఊరి చివరన సాగే నలభై రెండు కిలోమీటర్ల పరుగు, ఆ ఒక్క ఏడాదికి ఈ వీధిలోంచి పోతుంది. ముప్పై ఎనిమిదో కిలోమీటరు గుర్తు రొట్టెల దుకాణం ముందు, కొట్టుకు నలభై అంగల్లో.

మాస్టారు ఆ కబురు మోసుకొచ్చినప్పుడు పెద్దమేస్త్రి దారానికి మైనం రాస్తున్నాడు. చెయ్యి ఆపాడు.

"నువ్వు పరుగెత్తుతుంటే నేనెప్పుడూ చూడలేదు తల్లీ," అన్నాడు. "ఇక చూడలేను. వింటాను."

అంతే అన్నాడు. సోలక్క ఆ సాయంత్రమే పేరు నమోదు చేయించుకుంది. వచ్చే ఏటికి వంతెన పూర్తవుతుంది, పరుగు మళ్ళీ ఊరి చివరికి పోతుంది. వచ్చే ఏటికి నాన్నకు ఎనభై. పరుగెత్తితే ఈసారే, నాన్న వినాలంటే ఈసారే. ఆమెకు లోకంలో ఇంకేమీ అక్కర్లేదనిపించింది.

మొదటి వారాలు అద్భుతంగా సాగాయి. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. అద్భుతంగా ఉందని నాలుగోవారం తగ్గించడం మానేసింది. ఇంకో రెండు కిలోమీటర్లు, ఇంకో మూడు. లోకం మొత్తానికి నిదానమే ప్రధానమని చెప్పే మనిషి, తన దాకా వచ్చేసరికి ఆ ముక్క మింగేసింది. పందెం ఇంకా పదహారు వారాలుందనగా, కుడికాలి ముందెముక మీద, చీలమండకు జానెడు పైన, చొక్కా బొత్తామంత చోట నొప్పి మొదలైంది. పరుగు మొదట్లో ఉండేది, తర్వాత పోయేది. పోయిందిగా అనుకుంది. వారం తిరిగేసరికి పరుగయ్యాక కూడా ఉంటోంది. వయసుకు ఆ మాత్రం ఉంటుందిలే అనుకుంది. యాభై నిండని మనిషికి వయసు గుర్తొచ్చిందంటే ఏదో దాస్తోందని లెక్క.

ఒక సోమవారం మధ్యాహ్నం కాఫీ తేవడానికి కొట్టు మెట్లు దిగింది. వెనకనుంచి దిమ్మె మోగింది. ఓ గట్టి దెబ్బ, కొంచెం ఆగి ఓ మెత్తని దెబ్బ. మళ్ళీ గట్టిది, మళ్ళీ మెత్తనిది. ఎవరో కుంటుతూ వస్తున్నారనుకుని చుట్టూ చూసింది. ఎండకు వీధి ఖాళీగా ఉంది.

"ఎవరిది నాన్నా అది?"

"ఇప్పుడు మెట్లు దిగినామెది," అన్నాడు పెద్దమేస్త్రి.

అరికాలి మంట నెత్తికెక్కింది. "కళ్ళు పోయాయి, ఇక చెవులూ పోతున్నట్టున్నాయి," అనేసింది.

అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. కానీ నోరు జారిన మాట, ఎలా వెనక్కి తీసుకుంటాం? పెద్దమేస్త్రి సుత్తిని తడుముకుంటూ దిమ్మె పక్కన పెట్టి, మైనం ముద్ద చేతిలోకి తీసుకున్నాడు. ఆ రోజునుంచి ఆయన ఎవరి నడకా వాయించలేదు. పోస్టుమాన్ వచ్చి గుమ్మం ముందు కావాలని రెండుసార్లు అటూఇటూ తిరిగి, ఏం పెద్దాయనా ఒంట్లో బాగాలేదా అని అడిగిపోయాడు. సోలక్క వినిపించుకోనట్టు యంత్రం తిప్పుతూ ఉండిపోయింది. క్షమించమని అడగాలంటే ముందు ఆయన విన్నది నిజమని ఒప్పుకోవాలి. అది నిజమైతే పందెం పోయినట్టే. అందుకని ఒప్పుకోలేదు, అడగలేదు, ఆ నిశ్శబ్దం మాత్రం ఆమెను కాలినొప్పి కంటే ఎక్కువ బాధపెట్టింది.

ఇక్కడ ఆమె బూట్ల సంగతి కొంచెం చెప్పాలి. ఊళ్ళో పరుగెత్తేవాళ్ళ బూట్లన్నీ ఆమె దగ్గరికే వస్తాయి. సోళ్ళు వేసే మనిషి సోళ్ళు అరిగి ఉంటే ఎవడు నమ్ముతాడని ఆమె పట్టుదల. నా కాళ్ళే నా కొట్టుకు బోర్డు అనేది. అందుకే ప్రతి ఆదివారం పరుగయ్యాక, సాయంత్రం కూర్చుని, ఆ వారమంతా అరిగిన మడమ రబ్బరు ముక్కలు రెండూ ఊడదీసి కొత్తవి అతికించేది. ఆమె బూట్లు ఎప్పుడు చూసినా నిన్న కొన్నట్టుండేవి. ఊడదీసిన ముక్కలు పారేసేది కాదు. వాటి మీద పెన్నుతో "కు" అనీ "ఎ" అనీ రాసి, కుడిదాన్నీ ఎడమదాన్నీ పక్కపక్కన ఓ తీగకు గుచ్చి మేకుకు తగిలించేది. కుర్చీకాలు ఊగుతోందని ఎవరైనా వస్తే తీగ నిండాక అందులోంచి ఇవ్వొచ్చని. కొట్టులో ఏ ముక్కకైనా కుడి ఎడమలు రాయడం తండ్రి నేర్పిన అలవాటు, చెయ్యి దానంతట అదే రాసేస్తుంది.

పందెం ఇంకా పదకొండు వారాలుందనగా ఓ పొద్దున పెద్దమేస్త్రి చేతికి ఓ జత తగిలింది. బొటనవేలితో మడమ మీద ఓసారి రాశాడు. మళ్ళీ రాశాడు.

"ఇదెవరిది?"

"నాదే నాన్నా."

"ఇందులో మనిషి లేదమ్మా," అన్నాడు.

వారానికోసారి ముక్క మారుస్తాను కదా, అందుకే అరుగుదల లేదు అని చెప్పింది ఆమె, కాస్త గర్వంగానే. తీసిన ముక్కలు ఏం చేస్తున్నావని ఆయన అడిగాడు. మేకు మీద ఉన్నాయంది. ఇలా ఇమ్మన్నాడు. తీగను ఒళ్ళో పెట్టుకుని, కింద గుచ్చిన పాత ముక్కలనుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే బొటనవేలితో తడుముతూ జరిపాడు. ఏడు వారాలు, పద్నాలుగు ముక్కలు. ఎక్కడా ఆగలేదు. చివరి ముక్క దాకా వెళ్ళి తీగను కూతురి చేతికిచ్చాడు.

"బయటివాళ్ళెవరో తెచ్చారనుకో. ఏం చెబుతావు?"

సోలక్క నవ్వబోయింది. నవ్వు రాలేదు. తీగను కిటికీ వెలుతురుకు పట్టుకుంది. మొదటి వారం "కు", "ఎ" రెండూ ఒకేలా ఉన్నాయి. రెండో వారమూ అంతే. మూడో వారం "ఎ" కొంచెం ఎక్కువ అరిగింది. ఐదో వారానికి "ఎ" మధ్యలో గుంట పడింది, "కు" మాత్రం బయటి అంచున ఓ గీతలా అరిగి తక్కినదంతా కొత్తగానే ఉంది. ఏడో వారం చూసేసరికి ఆమె ఉన్నచోటే కూలబడింది. ఇలాంటి మడమలు ఇంకెవరైనా తెచ్చి ఉంటే ఒక్క క్షణంలో తిట్టిపోసేది, ఇన్నాళ్ళు ఏం చేస్తున్నారండీ అని. ఏ వారానికావారం కొత్త ముక్క వేసి, తన కాలు తనకు చెబుతున్న మాటను తన చేత్తోనే ఊడదీసి మేకుకు తగిలించింది.

"ఈమె కుడికాలు నేలమీద పెట్టడానికి భయపడుతోంది," అంది నెమ్మదిగా. "భారమంతా ఎడమకాలి మీద వేస్తోంది. ఐదు వారాలనుంచి. వెంటనే పరుగు ఆపి డాక్టరు దగ్గరికి పొమ్మను."

"చెప్పు మరి, ఆమెకి."

ఆమె ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, ఆ రోజు నీ చెవులను అనరాని మాట అన్నాను నాన్నా అంది. నా చెవులు బాగున్నాయని నాకు తెలుసులే, ముందు కాలి సంగతి చూడు అన్నాడు ఆయన. తప్పు ఒప్పుకోడానికి ఈసారి ఐదు కిలోమీటర్లు కాదు, ఐదు వారాలు పట్టింది.

డాక్టరమ్మ ఆ బొత్తామంత చోట వేలు పెట్టి నొక్కగానే సోలక్క బల్ల మీంచి జానెడు ఎగిరింది. ఫొటో తీసి చూసి, ఎముక ఇంకా చీలలేదు, చీలాలా వద్దా అని ఆలోచిస్తోంది అంది డాక్టరమ్మ. ఇంకో రెండు వారాలు ఇలాగే పరుగెత్తి ఉంటే పందెం సంగతి మరచిపోవాల్సిందే. నాలుగు వారాలు ఒక్క అడుగు పరుగు లేదు. ఆ తర్వాత కూడా కాలు ఒప్పుకుంటేనే.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడ్డట్టయింది," అన్నాడు భర్త ఆ సాయంత్రం, పాత సామెత పక్కన పెట్టి. ఆమె కస్సుమనాలి నిజానికి. అనలేదు. మాట అంత సరిగ్గా అతికింది.

ఆ నాలుగు వారాలు ఆ ఇంట్లో ఎలా గడిచాయో పాపం ఆ డ్రైవరును అడగాలి. గిన్నెలు చప్పుడయ్యేవి. తలుపులు చప్పుడయ్యేవి. కానీ సోలక్క ఓ నిర్ణయానికి వచ్చిందంటే బండరాయే. పరుగు లేదంటే లేదు. పొద్దున పరుగెత్తే గంటను అలాగే ఉంచుకుని, ఇన్నాళ్ళూ తీరికలేదని దాటేసిన వ్యాయామాలన్నీ ఆ గంటలో చేసింది. గోడకు ఆనుకుని కుర్చీ లేకుండా కూర్చోవడం, మెట్టు అంచున వేళ్ళ మీద లేచి దిగడం. కొట్టులో ఒంటికాలి మీద నిలబడి జిగురు రాసేది, ఓ బూటు కుడికాలి మీద, ఓ బూటు ఎడమకాలి మీద. ఏం సోలక్కా, తపస్సా అని అడిగినవాళ్ళకు, అవును, నోరు మూసుకునే వరం కోసం అని చెప్పేది. తొమ్మిదింటికల్లా పడుకునేది. ఎముక నిద్రలోనే అతుక్కుంటుందని డాక్టరమ్మ చెప్పిన మాట, భర్త టీవీ పెట్టినప్పుడల్లా గుర్తుచేసేది.

ఇంకో నిర్ణయం కూడా తీసుకుంది, ఇదే ఆమెకు కష్టమైంది. పందెం అయ్యేదాకా తన బూట్లకు కొత్త ముక్క వేయనంది. అరిగితే అరగనీ, చూసి నవ్వేవాళ్ళు నవ్వనీ.

ఐదో వారం మొదటిరోజు తొమ్మిది నిమిషాలు నడక, ఒక్క నిమిషం పరుగు. ఆ ఒక్క నిమిషానికి ఆమె కళ్ళు చెమర్చాయి. తర్వాత రెండు నిమిషాలు, ఐదు, పది. ఆదివారం ఆదివారం బూట్లు తెచ్చి తండ్రి ఒళ్ళో పెట్టేది. ఆయన రెండు మడమలూ రెండు బొటనవేళ్ళతో ఒకేసారి తడిమి, "ఊఁ" అంటే ఆ వారం దూరం పెరిగేది. ఒకసారి "ఊహూఁ" అన్నాడు. కిక్కురుమనకుండా మూడు రోజులు మానేసింది. పందెంలోపు ముప్పై రెండు కిలోమీటర్ల పరుగు ఒక్కటైనా ఉండాలని మాస్టారి లెక్క. ఇరవై ఎనిమిది దగ్గర కాలు చాలంది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి మాస్టారితో ఓ తగాదా తేలిపోయింది, కాలు మాటే నెగ్గింది.

అన్నీ సర్దుకున్నాయి, ఒక్క సుత్తి తప్ప. పెద్దమేస్త్రి మళ్ళీ దాన్ని ముట్టలేదు. ఒకసారి ఆమె ఉండబట్టలేక, నా నడక ఇప్పుడెలా ఉందో వాయించు నాన్నా అంది. అడిగితే వాయించేది కాదమ్మా అది అన్నాడు. కోపంతో అన్నది కాదు, ఉన్నమాట అన్నాడు. ఆమెకు అర్థమైంది. పందెం రోజున ఆయన వింటాడు. అప్పుడు ఆయన చెవికి ఏది వినబడితే అదే.

పందెం రోజు మబ్బు పట్టి చల్లగా ఉంది. జనం ఉరుకుతున్నా సోలక్క మాస్టారితో కలిసి తన పోట్లాట వేగంలోనే బయల్దేరింది. మొదటి పది కిలోమీటర్లలో ఆమెను దాటిపోయినవాళ్ళకు లెక్కలేదు. వాళ్ళ మడమలు చూస్తూ, వీడు ముప్పై దగ్గర ఆగుతాడు, ఈ పిల్ల ఇరవై ఐదు దగ్గర అని లెక్కవేసుకుంటూ సాగింది. లెక్క పెద్దగా తప్పలేదు. దాహానికి ముందే నీళ్ళు తాగింది. ఇరవై ఎనిమిది దాటాక కాళ్ళకు కొత్త లోకం. ముప్పై మూడు దగ్గర మాస్టారు ఏదో అన్నాడు, ఈమె "ఊఁ" అంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని వేగం తగ్గించారు. ముప్పై ఐదు దగ్గర ఆయన నడకలో పడి, మీరు పోండి, పెద్దాయన ఎదురుచూస్తుంటాడు అన్నాడు. తొడలు రాళ్ళయ్యాయి. కానీ ఆ బొత్తామంత చోటు మాత్రం కిమ్మనలేదు.

వీధి మలుపు తిరిగేసరికి ఇటూఅటూ జనం. కొట్టు ముందు పీట, పీట మీద తండ్రి. పక్కన మొద్దూ దిమ్మే కూడా బయటికొచ్చి ఉన్నాయి. వాటిని ఒక్కడే మోసుకొచ్చి నడుం పట్టుకుని నిలబడ్డ భర్తా కనిపించాడు. సుత్తి దిమ్మె మీదే ఉంది. తండ్రి చేతులు ఒళ్ళో ఉన్నాయి.

ముందు పాతికమంది, వెనక యాభైమంది, చప్పట్లు, ఈలలు. ఇన్ని కాళ్ళ మధ్య ఆయనకు తన కాళ్ళు ఎలా తెలుస్తాయి? "నాన్నా, నేనే" అని అరవాలనిపించింది. నోటిదాకా వచ్చింది. జీవితంలో ఎప్పుడూ ఆపుకోలేని నోటిని ఆ కాస్త దూరమూ ఆపుకుంది. అరిస్తే ఆయన విన్నట్టు కాదు, తను చెప్పినట్టు. కుడి, ఎడమ, కుడి, ఎడమ. అంతకంటే చేయగలిగింది ఏమీ లేదు.

ఇరవై అంగలు. పది. పెద్దమేస్త్రి తల కొంచెం పక్కకు వంచాడు. చెయ్యి దిమ్మె మీదికి వెళ్ళి సుత్తిని వెతుక్కుంది.

టక్. టక్. టక్. టక్.

ఆమె కుడికాలు పడితే ఓ దెబ్బ, ఎడమకాలు పడితే ఓ దెబ్బ. రెంటికీ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు. ఏది కుడిదో ఏది ఎడమదో వినేవాడు చెప్పలేడు. ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది, ఏడుస్తూనే పరుగెత్తింది, ఆగలేదు. ఆగితే ఆ మోత ఆగిపోతుంది. భర్త సీసా చేతికందిస్తూ ఏ సామెతా చెప్పలేదు. ఆమె రొట్టెల దుకాణం దాటి, ముప్పై ఎనిమిదో గుర్తు దాటి, వీధి చివరి మలుపు తిరిగేదాకా దిమ్మె వెనకనుంచి మోగుతూనే ఉంది. మిగిలిన నాలుగు కిలోమీటర్లూ ఆ దెబ్బలు లెక్కపెట్టుకుంటూ పూర్తిచేసింది.

మధ్యాహ్నం తన పతకం భర్త మెడలో వేసి, బూట్లు చేత్తో పట్టుకుని, సోలక్క వట్టి కాళ్ళతో కొట్టు మెట్లెక్కింది. బూట్లు తండ్రి ఒళ్ళో పెట్టింది. ఆయన రెండు బొటనవేళ్ళతో రెండు మడమలూ తడిమాడు. ఏడు వారాల పరుగులో ఒక్కసారీ ముక్క మార్చని మడమలు, బాగా అరిగిపోయి, రెండూ ఒకేలా గుంటపడి ఉన్నాయి. చాలాసేపు తడిమాడు.

"ఈ జత మాత్రం బాగుచెయ్యకమ్మా," అన్నాడు.

ఇరవై ఆరేళ్ళలో ఆ కొట్టులో ఆ మాట ఎవరూ అనగా ఆమె వినలేదు.